మత సామరస్యమంటే వాళ్లదే!

మన జిల్లాల్లో సర్వమత సమ్మేళనం జరిగే తీరు అందరికీ తెలిసిందే. వేదిక మీద ఒక స్వామీజీ, ఒక మౌల్వీ సాబ్, ఒక ఫాదర్. మధ్యలో, అందరికన్నా ఎత్తు కుర్చీలో ఎమ్మెల్యేగారు. శాలువాలు కప్పుతారు, జ్ఞాపికలు ఇస్తారు, బుట్టలోంచి రెండు తెల్ల పావురాలను తీస్తారు. అవి ఎగరనంటాయి, చేత్తో తోస్తారు. "అన్ని మతాల సారమూ ఒక్కటే" అని వక్తలందరూ అంటారు. ఆ సారమేమిటో ఎవరైనా చెప్పబోయేసరికి భోజనాలకు పిలుపొస్తుంది. ముగ్గురి చేతులూ కలిపి పైకెత్తించిన ఫొటో మర్నాడు పేపర్లో పడుతుంది.

ఈ సభల మీద నాకేం కోపం లేదు. పిలవాల్సినవాళ్లను పిలవడం లేదన్నదే నా బాధ. మతాల మధ్య సంపూర్ణ ఏకాభిప్రాయం సాధించినవాళ్లు ఈ నేల మీద నిజంగానే ఉన్నారు. మాటలో, గొంతులో, చూపుడువేలు ఆడించడంలో కూడా వాళ్ల మధ్య వెంట్రుకవాసి తేడా ఉండదు. అయినా వాళ్లను ఒక వేదిక మీద కూచోబెట్టి శాలువా కప్పిన పాపాన ఎవరూ పోలేదు. వాళ్లే మన శుద్ధివాదులు. "మన మతం కల్తీ అయిపోయింది, నేను కడిగి ఇస్తాను" అని యూట్యూబులో, వాట్సాపులో, వీధి చివర మైకులో రోజూ హామీ ఇచ్చే మహానుభావులు.

వాళ్ల ప్రసంగాలు వరసపెట్టి వినండి. మొదటాయన: "దర్గాకెళ్లి సమాధికి మొక్కడమేమిటి? ఏ శాస్త్రంలో ఉంది?" రెండో ఆయన: "దర్గాకెళ్లి సమాధికి మొక్కడమేమిటి? షిర్క్! ఏ కితాబులో ఉంది?" మూడో ఆయన: "దర్గా సరే, మరియమ్మ బొమ్మ ముందు కొవ్వొత్తి కూడా కూడదు. వాక్యంలో చూపించండి!" ముగ్గురికీ చదువుకున్న పుస్తకాలు వేరు, పట్టుబడ్డ దొంగ మాత్రం ఒక్కడే: మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరిన మామూలు మనిషి. ఆడపిల్ల ఏం కట్టుకోవాలన్న విషయంలోనూ అంతే. మొదటాయన జీన్సు విప్పించాలంటాడు, రెండో ఆయన తల కప్పించాలంటాడు, మూడో ఆయన బొట్టూ పూలూ గాజులూ తీయించాలంటాడు. మగవాళ్ల బట్టల మీద ఇందులో పదో వంతు శ్రద్ధయినా ఏ మైకులోనూ నేను వినలేదు.

ఇక లెక్కల దగ్గరికి వస్తే వీళ్ల ఐకమత్యం చూసి కళ్లు చెమరుస్తాయి. "మన సంఖ్య తగ్గిపోతోంది, ఇంకో ఇరవై ఏళ్లలో మనం మైనారిటీ అయిపోతాం" అని మొదటాయన హెచ్చరిస్తాడు. "మనల్ని లేకుండా చేస్తున్నారు" అని రెండో ఆయన. "మన మంద చెదిరిపోతోంది" అని మూడో ఆయన. మూడు లెక్కలూ నిజమే అనుకుని కూడితే, ఇరవై ఏళ్ల తర్వాత తెలుగు గడ్డ మీద దేవుణ్ణి నమ్మేవాడు ఒక్కడూ మిగలడు. నాస్తిక సంఘాలవాళ్లు ఇన్నేళ్లుగా చేయలేని పని వీళ్లు నోటిలెక్కతో చేసేశారు. వీడియో చివర్న తెర మీదికొచ్చే క్యూఆర్ కోడ్ కూడా మూడు మతాల్లోనూ ఒకే చోట, కుడివైపు కింద మూలన ఉంటుంది.

ఇంత సమన్వయంతో పనిచేస్తున్నా శుద్ధి ముందుకు సాగడం లేదంటే దానికి కారణం జనమే. వాళ్లకు మతం సరిగ్గా రాదు.

2024 నవంబరు సంగతి తీసుకోండి. నటుడు రామ్‌చరణ్ అయ్యప్ప మాలలో ఉండగానే కడప పెద్ద దర్గాకు వెళ్లారు. మాల మైలపడిందని సోషల్ మీడియాలో కొందరు గుండెలు బాదుకున్నారు. వాళ్ల భక్తిని శంకించను. కానీ వాళ్లు శబరిమల దారి మ్యాపు ఎప్పుడూ చూసినట్టు లేరు. ఎరుమేలిలో పేటతుళ్లి ఆడిన స్వాములు వావరు మసీదు చుట్టూ తిరిగి, కానుక వేసి, అప్పుడు కదా అడవిదారి పడతారు! వావరు అయ్యప్ప నేస్తమని కథ. సన్నిధానంలో కూడా ఆయనకో చోటుంది. మన నల్గొండ నుంచి, నరసరావుపేట నుంచి ఇరుముడి కట్టుకుని వెళ్లిన స్వాములు ఆ మసీదు ముందు దశాబ్దాలుగా "స్వామియే శరణం" అంటూనే ఉన్నారు. తిరుగుప్రయాణంలో కొందరు అలప్పుళ దగ్గర అర్తుంకల్ చర్చికి వెళ్లి అక్కడే మాల తీసే ఆచారం ఒకటుంది. ఇదంతా చాలదన్నట్టు, రాత్రి నడ మూసేముందు స్వామిని నిద్రపుచ్చే హరివరాసనం వినిపించేది ఏసుదాసు గొంతులో. ఆయన పుట్టింది క్రైస్తవ కుటుంబంలో. శుద్ధి చేయాలంటే ముందు ఆ స్పీకరు కట్టేయాలి. స్వామికి నిద్ర పట్టకపోతే ఏం చేయాలన్నది తర్వాత ఆలోచించుకోవచ్చు.

సమాధికి మొక్కకూడదన్న నియమం వినడానికి బాగుంటుంది. అమలుచేయబోతే మాత్రం మొదటి బస్సు మంత్రాలయం దగ్గరే ఆగిపోతుంది. అక్కడ మనం మొక్కేది 1671లో రాఘవేంద్రస్వామి సజీవంగా ప్రవేశించిన బృందావనానికి. ఆ ఊరిని స్వామికి ఇచ్చింది ఆదోని నవాబని మఠం భక్తులే చెప్పుకుంటారు. రెండో బస్సు కందిమల్లాయపల్లెలో ఆగుతుంది. అక్కడ బ్రహ్మంగారి సమాధి. కాలజ్ఞానం చెప్పిన ఆ మహానుభావుడు తన శిష్యుల్లో ఎవరిని దగ్గరికి తీశారు? దూదేకుల ముస్లిం ఇంట్లో పుట్టిన సిద్ధయ్యను. కొడుకు మతం చెడిపోయిందని సిద్ధయ్య తల్లిదండ్రులు నవాబు దగ్గర మొరపెట్టుకున్నారని కథ. శుద్ధివాదం మనకేం కొత్త కాదు, అప్పట్లో వాట్సాపు లేదంతే.

మూడో బస్సు షిరిడీ. తన జీవితంలో చాలాభాగం పాత మసీదులో గడిపి, దానికి ద్వారకామాయి అని పేరు పెట్టుకుని, 1918 విజయదశమి నాడు కన్నుమూసిన ఫకీరుకు తెలుగువాళ్లు కాలనీకి ఒకటి చొప్పున గుళ్లు కట్టారు. 2014లో ద్వారక పీఠాధిపతి స్వరూపానంద సరస్వతి స్వయంగా "సాయిబాబా దేవుడు కాదు" అని ప్రకటించారు. ధర్మసభలు జరిగాయి, టీవీల్లో చర్చలు జరిగాయి. ఆ తర్వాతి గురువారం దిల్‌సుఖ్‌నగర్ బాబా గుడి ముందు చెప్పుల స్టాండు వెలవెలబోయిందని మాత్రం ఎవరూ చెప్పలేదు. పీఠాధిపతి మాటే చెల్లని చోట, పద్దెనిమిది వేల సబ్‌స్క్రైబర్లున్న ఛానెల్ మాట ఎంత దూరం పోతుంది?

రెండో శుద్ధివాది కష్టాలు ఇంతకన్నా ఎక్కువ. ఆయన తిప్పలు తెలంగాణ పల్లెలోనే మొదలవుతాయి. పీర్ల పండుగ వస్తుంది. 680లో కర్బలా మైదానంలో దాహంతో అల్లాడి చనిపోయిన ఇమాం హుసేన్ కోసం ఇక్కడ ముదిరాజులు, గొల్లలు, గౌడులు షర్బత్తు పోస్తారు. పీరుకు దట్టీలు కడతారు, ఊదు వేస్తారు, అలాయి గుండం చుట్టూ తెల్లవార్లూ ఆడతారు. ఒక్క ముస్లిం ఇల్లు లేని ఊళ్లలో కూడా పీరు లేస్తుంది. ఎత్తుకునేది ఏ ఎల్లయ్యో, మల్లయ్యో. శుద్ధివాది వచ్చి "ఇది బిద్‌అత్, ఇస్లాంలో లేదు" అంటాడు. ఊళ్లోవాళ్లు శ్రద్ధగా విని, "అవును సార్, ఇది ఇస్లాం కాదు, పీర్ల పండుగ" అంటారు. దీనికేం జవాబు చెప్పగలడు? రాయలసీమకు పోతే అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి, ఆంజనేయస్వామి పక్కపక్కనే కాపురముంటారు. కడపకు పోతే ఉగాది రోజు దేవుని గడప వెంకటేశ్వరస్వామి గుడి ముందు ముస్లిం కుటుంబాలు బారులు తీరి ఉంటాయి. బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచని, ఆ లెక్కన స్వామి తమ ఇంటి అల్లుడని వాళ్ల నమ్మకం. అల్లుడింటికి పండగపూట ఉత్తచేతులతో పోకూడదు గనక బెల్లం, కొబ్బరికాయలు పట్టుకెళతారు. పెద్ద పెద్ద ఆలిములు ఎన్ని ఫత్వాలు ఇచ్చినా ఇంటి అల్లుణ్ణి కాదనిపించడం ఎవరి తరం?

వాయిద్యాల దగ్గరా ఇదే తంటా. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం పట్టుకుని శ్రీరంగం వెళ్లి, రంగనాథుడి నీడలోనే స్థిరపడ్డారు. గుంటూరు సీమలో షేక్ నాజర్ బుర్రకథ చెబుతుంటే బొబ్బిలి కోట, పల్నాటి రణం కళ్ల ముందు నిలబడేవి. తిరుమలలో 1984లో మొదలైన అష్టదళ పాదపద్మారాధనకు 108 బంగారు పద్మాలు ఇచ్చింది గుంటూరు ముస్లిం భక్తుడొకరు. ఆ పద్మాలను కూడా కడగాలంటే ఏ గంగలో కడగాలో చెప్పాలి.

మూడో ఆయన సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం, ఎందుకంటే ఆయన ప్రసంగం మాత్రం క్లుప్తంగా ఉండదు. ఫిబ్రవరిలో గుణదల కొండకు వెళ్లి చూస్తే ఆయన నోట మాట రాదు. మేరీమాతకు తలనీలాలు ఇస్తున్నవాళ్లు, కొబ్బరికాయలు కొడుతున్నవాళ్లు, ఆ సాయంత్రమే కనకదుర్గమ్మ కొండ ఎక్కుతున్నవాళ్లు. బెజవాడలో అమ్మ ఒక్కతే, కొండలు రెండు.

నిజానికి శుద్ధి చేయాల్సిన మొదటి పత్రం ఆధార్ కార్డు. మస్తాన్‌రావు, సైదులు, సైదమ్మ, దస్తగిరమ్మ, కుళ్లాయప్ప, నాగూరయ్య, పీరయ్య. ఇవన్నీ హిందువుల ఇళ్లల్లో పేర్లు. పిల్లలు పుట్టక, పుట్టినవాళ్లు బతకక, దర్గాలో మొక్కుకుని పెట్టుకున్నవి. అవతలి పక్క దూదేకుల ఇళ్లలో తాతల పేర్లు రాములు, నాగులు. ఒక్కో పేరుకూ గెజిటెడ్ అధికారి సంతకం, నోటరీ, పత్రికలో ప్రకటన కావాలి. మీసేవ కేంద్రాలకు మంచి రోజులొస్తాయి. వాళ్ల ఉపాధి కోసమైనా ఈ ఉద్యమాన్ని బలపరచాలనిపిస్తుంది.

దేవుడి దగ్గరికి పోయే పద్ధతుల్లో ఉన్న పోలికలు చూస్తే శుద్ధివాదికి నిద్ర పట్టకూడదు. తిరుమలలో గుండు, హజ్‌లో గుండు. ఇక్కడ జపమాల, అక్కడ తస్బీ, ఇంకోచోట రోజరీ. ఏకాదశి ఉపవాసం, రోజా, శ్రమదినాల ఉపవాసం. కుట్టని బట్ట కట్టుకోవడం, చెప్పులు విడవడం, దేవుడి ఇంటి చుట్టూ తిరగడం. ఇంత కాపీ ఎక్కడ జరిగిందో, ఎవరు ఎవరిది చూసి రాశారో తేల్చడానికి ఒక కమిటీ వేయాలి. శుద్ధివాదులకు ఒకే ఒక్క ఊరట ఉంది: మనం ప్రదక్షిణం కుడివైపుగా చేస్తాం, కాబా చుట్టూ తవాఫ్ ఎడమవైపుగా చేస్తారు. ఈ ఒక్క తేడా మీద ఎన్ని వీడియోలైనా చేసుకోవచ్చు.

ఇంతవరకూ నవ్వుతూ చెప్పాను. ఒక విషయం మాత్రం నవ్వుతూ చెప్పలేను.

మన పల్లెల్లో జనం దర్గాకు వెళ్లింది ఉపనిషత్తులనూ సూఫీతత్వాన్నీ పోల్చి చూసి, సారం ఒకటేనని తేల్చుకుని కాదు. చాలామందికి గుడి తలుపు తెరుచుకోలేదు, అందుకు వెళ్లారు. దర్గాలో నెమలీకల కట్టతో తల మీద తట్టే ముజావర్ "ఏ కులం?" అని అడగలేదు. జాషువా 1941లో అచ్చేసిన గబ్బిలంలో అంటరానివాడన్న ముద్ర పడ్డ పేదవాడు తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపింది ఎందుకు? గుళ్లోకి గబ్బిలానికి ప్రవేశముంది, అతడికి లేదు గనక. "హిందువులు దర్గాకెందుకు పోతున్నారు?" అని ఆవేశపడే పెద్దమనిషి ఆ ప్రశ్నకు జవాబు కోసం కడప దాకా పోనక్కర్లేదు, తన ఊరి రామాలయం మెట్ల మీద వెతికితే చాలు. ఇందులో మిగతా ఇద్దరూ తక్కువ తినలేదు. చర్చి మారినా కులం మారక, విశ్వాసుల్లోనే మాలలకూ మాదిగలకూ వేరువేరు ప్రార్థనా మందిరాలున్న ఊళ్లు ఎన్ని లేవు? అందరూ ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నమాజు చేస్తాం అని చెప్పుకునేచోట దూదేకులవాళ్లతో పెళ్లి సంబంధం అనగానే గొంతు ఎందుకు మారుతుంది? ఊరికి రెండు శ్మశానాలు ఉంటే ఏ శుద్ధివాది మైకూ పలకదు. ఆ కల్తీ వాళ్లకు కనబడదు. బహుశా దాన్నే వాళ్లు శుద్ధి అనుకుంటున్నారు.

ఈ శుద్ధి ఆటలో ఇంకో నియమం ఉంది, చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. పరమతం మీద గురిపెట్టానని చెప్పుకునే తుపాకి తరచు సొంతింట్లోనే పేలుతుంది. యాభై ఉపనిషత్తులను పారశీకంలోకి అనువదింపజేసిన దారా షికోను 1659లో మతద్రోహి అని చంపించింది సొంత తమ్ముడు ఔరంగజేబు. ప్రార్థన సభలో భగవద్గీతతో పాటు ఖురాన్ కూడా చదివించిన గాంధీని 1948లో కాల్చింది హిందువు. 1981లో ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌ను చంపింది అతడి సైన్యంలోని ముస్లింలే. 1995లో ఇజ్రాయెల్ ప్రధాని రబీన్‌ను చంపింది యూదుడు. 2012లో టింబక్టులో గునపాలు తెచ్చి ముస్లిం సాధువుల సమాధులు పడగొట్టినవాళ్లు ఐదుపూటలా నమాజు చేసేవాళ్లు. వాటిని మళ్లీ కట్టిందీ ముస్లింలే, అక్కడి మేస్త్రీలు. వాళ్లు టీవీలో కనబడరు.

మన శుద్ధివాదులు అంతదూరం వెళ్లరని ఆశిద్దాం. వాళ్ల ముందు చేతినిండా పనుంది. ముందుగా భద్రాచలం. తానీషా కాలం నుంచి వస్తున్న ఆచారమని చెప్పి, శ్రీరామనవమి నాడు సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు పోతున్నాయి. సర్కారు సొమ్ముతో గుడి కట్టాడని గోపన్నను గోల్కొండ చెరసాలలో పెట్టిన సుల్తాను పేరుతో, ఆ రాముడి పెళ్లికే ముత్యాలు! దీన్ని తక్షణం ఆపాలి. ఏ పార్టీ సర్కారు వచ్చినా ముఖ్యమంత్రో, మంత్రో ఆ పళ్లెం నెత్తిన పెట్టుకుని నడుస్తున్నాడు గనక ఎవరిని నిలదీయాలో తేల్చుకోవడమే కష్టం.

ఆ తర్వాత నెల్లూరు. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాటిలోతు నీళ్లలో దిగి ఆడవాళ్లు రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. సంతాన రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, ఇంటి రొట్టె, ఈమధ్య వీసా రొట్టె. ప్రభుత్వం కూడా దీన్ని రాష్ట్ర పండుగ చేసింది. ఒక శుద్ధివాది ప్యాంటు మడిచి ఆ నీళ్లలోకి దిగాడనుకుందాం.

"ఇది ఏ మతం పండగో తెలుసా అమ్మా?"

"తెలీకేం నాయనా, రొట్టెల పండగ."

"అది కాదు. ఆ రొట్టె నీకిచ్చింది ఎవరు?"

"ఎవరో సాయిబుల కోడలు. వాళ్ల మరిదికి వీసా వచ్చిందంట. నేను పోయినేడు మా వోడికని తీసుకున్నా, వచ్చేసింది. ఈసారి నేను కూడా ఇచ్చేదానికి తెచ్చా. నీకేం రొట్టె కావాల నాయనా? పెళ్లయిందా?"

ఆమె కొడుకు డాలస్‌లో దిగాడు. ఆఫీసు నుంచి రాగానే కాళ్లు చాపుకుని, "దర్గాలకు పోయే హిందువులారా, ఇకనైనా మేల్కోండి" అన్న సందేశాన్ని పదకొండు గ్రూపులకు పంపుతుంటాడు. అందులో ఇంటి గ్రూపూ ఒకటి. కొడుకు పంపాడు గదా అని ఆమె ప్రతిదానికీ రెండు చేతులు జోడించిన బొమ్మ పెడుతుంది. మాట నిలబెట్టుకునే మనిషైతే ఆ అబ్బాయి అమెరికన్ కాన్సులేటుకు వెళ్లి, ఈ వీసా అపవిత్ర మార్గంలో వచ్చింది, వెనక్కి తీసుకోండి అని అర్జీ పెట్టుకోవాలి. ఇంకా పెట్టుకోలేదు. వీసా పొడిగింపు దగ్గరికి వచ్చిందనీ, దానికి వేరే రొట్టె ఉంటుందా, పాతదే సరిపోతుందా అనీ మొన్న వాళ్లమ్మను వాకబు చేయమన్నాడు. ఆమె మాత్రం ఎట్లాగూ దిగుతున్నాను గదా అని గ్రీన్‌కార్డు రొట్టె కోసం చూస్తోంది.